మందారం ఏ రాష్ట్రానిది?

పుష్పంలో భాగాలు చెప్పాలంటే తెలుగునాట ఏ మాస్టారికైనా ఈ భూప్రపంచంలో ఒక్కటే పువ్వుంది, మందారం. రక్షక పత్రావళి, ఆకర్షణ పత్రావళి, కేసరావళి, అండకోశం. ఇచ్ఛాపురంలో కోసినా ఇవే నాలుగు, ఆదిలాబాద్‌లో కోసినా ఇవే నాలుగు. 2014 జూన్ 2న రాష్ట్రం రెండయ్యాక మందారానికి ఒక రేకు తగ్గిందని కానీ, కేసరాలను 58:42 నిష్పత్తిలో పంచేశారని కానీ నాకైతే సమాచారం లేదు.

ఇదంతా ఎందుకంటే, ఈమధ్య ఒక సర్కారు బడిలో ఈ పాఠం వీడియో చూసే భాగ్యం కలిగింది. గోడకి పెద్ద టచ్ ప్యానెల్, బాగానే ఉంది. మాస్టారు నొక్కారు. ముందు రాజముద్ర వచ్చింది. తర్వాత ముఖ్యమంత్రి గారి ఫొటో, పక్కన మంత్రి గారి ఫొటో, కింద పథకం పేరు, ఆ కింద శాఖ పేరు, శాఖ కింద ఉండే సంస్థ పేరు, వెనకాల వీణ. ఆ తర్వాత ఒక మేడమ్ వచ్చి రెండు చేతులూ జోడించి "ప్రియమైన విద్యార్థినీ విద్యార్థులారా" అన్నారు. వెనక బెంచీలో ఒకడు అప్పటికే ఆవులించాడు. తెర మీదికి పువ్వు వచ్చేలోపు బడి ఆవరణలో ఉన్న మొక్క దగ్గరికి వెళ్లి పువ్వు కోసుకొచ్చి, భాగాలు విడదీసి, బొమ్మ గీసి, చేతులు కడుక్కోవచ్చు. ఇదే పాఠం సరిహద్దుకి అవతల ఇంకో స్టూడియోలో, ఇంకో మేడమ్‌తో, ఇంకో రాజముద్రతో తయారవుతుంది. వీణ మాత్రం అదే అయ్యుంటుంది.

కేంద్రం వాళ్లు ఈ పంచాయితీ వస్తుందని ముందే ఊహించారో ఏమో, అన్ని రాష్ట్రాల పాఠాలూ ఒకేచోట ఉండేలా దీక్ష అనే వేదిక పెట్టారు. 2017 సెప్టెంబర్ 5న, ఉపాధ్యాయ దినోత్సవం నాడు, దాన్ని ప్రారంభించింది కూడా మన వెంకయ్యనాయుడు గారే, ఉపరాష్ట్రపతి హోదాలో. పుస్తకంలో ఉన్న క్యూఆర్ కోడ్ మీద ఫోన్ పెడితే పాఠం తెరుచుకుంటుంది. అందులో చాలా పాఠాలు క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉన్నాయి, అంటే కాపీ చేసుకోండి నాయనా, పక్కవాళ్లకీ ఇవ్వండి, ఎవరు చేశారో పేరు మాత్రం చెప్పండి అని రాసి మరీ ఇచ్చారన్నమాట. యాప్ పెట్టగానే బోర్డు ఎంచుకోమంటుంది, వరసలో ఆంధ్రప్రదేశ్ ఉంటుంది, తెలంగాణా ఉంటుంది. అవతలి రాష్ట్రం పేరు మీద వేలు పెడితే షాక్ కొట్టదు, నేను పెట్టి చూశాను. తాళం లేదు, కాపలా లేదు, టోల్‌గేటు అసలే లేదు. అయినా ఎవరి కుంపటి వాళ్లదే.

మనకి పంచుకోవడం అంటే తెలిసింది ఒక్కటే, ఆస్తుల పంపకం. బిల్డింగు నీకిస్తే నాకు పోయినట్టు. డిపాజిట్టు నువ్వు తీసుకుంటే నా వాటా తగ్గినట్టు. వీడియో ఫైలు అలాంటిది కాదని, ఇచ్చిన తర్వాత కూడా ఇచ్చినవాడి దగ్గరే ఉంటుందని ఆరో తరగతి కుర్రాడికి తెలుసు. సచివాలయానికి మాత్రం ఈ సంగతి ఇంకా చేరలేదు. తెలుగులో పాఠ్యపుస్తకాలు వేయడానికి 1968లో పెట్టిన తెలుగు అకాడమీనే చూడండి. విభజన చట్టం పదో షెడ్యూల్లో, అంటే ఉమ్మడి సంస్థల జాబితాలో పడింది. పేరులోనే తెలుగు ఉన్న సంస్థను ఇద్దరు తెలుగువాళ్లు ఎలా వాడుకోవాలో తేలక వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. చివరికి 2021లో తెలంగాణ వాళ్లు ఆంధ్ర వాటా ఇద్దామని బ్యాంకు డిపాజిట్లు తీయబోతే 60 కోట్లకు పైగా మాయమయ్యాయని తేలింది. మనం పంచుకుందాం అనుకునేలోపే ఇంకెవరో పంచేసుకున్నారు. వాళ్ల సమన్వయం చూస్తే ముచ్చటేస్తుంది.

ఇక ఫొటోల సంగతి. 2024 జూన్‌లో తెలంగాణలో బడులు తెరిచిన రోజుల్లో పిల్లలకి తెలుగు పుస్తకాలు పంచి, మళ్లీ వెనక్కి తీసుకున్నారు. పాఠాల్లో తప్పులేమీ లేవు. ముందుమాటలో పాత ముఖ్యమంత్రి పేరు ఉండిపోయింది, అంతే. ఏ పిల్లాడైనా, ఏ యుగంలోనైనా, ముందుమాట చదివిన దాఖలా ఉందా? అచ్చు పుస్తకానికే ఇంత టెన్షన్ ఉంటే వీడియోల గతి ఏమిటి? ప్రతి ఎన్నికకీ మొదటి నలభై సెకన్లు కత్తిరించాలి.

అందుకే రెండు రాష్ట్రాలూ కలిసి ఒకే ఒక్క మందారం వీడియో తీద్దామని కూర్చుంటే ఏం జరుగుతుందో నాకు కళ్లకి కట్టినట్టు కనిపిస్తుంది. తటస్థ వేదిక కావాలి కాబట్టి బెంగళూరులో స్టార్ హోటల్. బొకేలు, శాలువాలు, జ్యోతి ప్రజ్వలన అయ్యాక అసలు విషయంలోకి వచ్చేసరికి పదకొండున్నర. మొదటి అంశం, పువ్వు రంగు.

"పసుపు మందారం తీద్దామండీ, శుభప్రదంగా ఉంటుంది" అన్నారు ఆంధ్ర అధికారి.

"పసుపంటే ఎట్ల ఒప్పుకుంటం సార్, రేపు అసెంబ్లీల అడిగితే ఏం చెప్పాలె?" అన్నారు తెలంగాణ అధికారి.

"పోనీ గులాబీ రంగు?" అన్నాడు మూలన కూర్చున్న జూనియర్. హాల్లో ఎవరి చేతిలోదో గ్లాసు కింద పడింది. ఆ కుర్రాడి పేరు, హోదా, సర్వీసు వివరాలు మర్యాదగా అడిగి రాసుకున్నారు. ఎరుపు అంటే ఉపాధ్యాయ సంఘాలు నెత్తికెక్కుతాయన్నారు. కాషాయం అనగానే అందరూ ఢిల్లీ నుంచి వచ్చిన పరిశీలకుడి వైపు చూశారు, ఆయన నవ్వి ఊరుకున్నారు. నీలం మందారాన్ని గ్రాఫిక్స్‌లో చేయొచ్చని టెక్నికల్ టీమ్ చెప్పబోతే ఆంధ్ర అధికారి లేచి నిలబడి, "అయ్యా, రంగుల జోలికి మాత్రం వద్దు, పంచాయతీ ఆఫీసులకి వేసిన పార్టీ రంగులు తీయమని 2020లో హైకోర్టు చెప్తే సుప్రీంకోర్టు దాకా వెళ్లి ఓడిపోయి వచ్చాం, ఇప్పుడు పువ్వు పేరుతో మళ్లీ కోర్టుకెళ్లే ఓపిక మా శాఖకి లేదు" అని దణ్ణం పెట్టారు. చివరికి ఏ రంగూ లేకుండా పెన్సిల్ బొమ్మ వేయాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. చప్పట్లు.

తర్వాత ఎవరో రేకులు లెక్కపెట్టారు. ఐదు. ఐదుని రెండుతో భాగిస్తే ఒకటి మిగులుతోంది. ఆ మిగిలిన రేకును కేంద్రం తేల్చేదాకా పదేళ్లపాటు ఉమ్మడి రేకుగా ఉంచాలని ఒక వాదన, జనాభా నిష్పత్తిలో కత్తిరించాలని ఇంకో వాదన. సబ్ కమిటీ వేశారు. లంచ్‌లో గోంగూర పచ్చడి దగ్గర మాత్రం ఎవరూ రాష్ట్రం అడగలేదు.

వెటకారం కాసేపు పక్కన పెడదాం. 2004 సెప్టెంబర్‌లో దేశంలో చదువుల కోసమే ఎడ్యుశాట్ అనే ఉపగ్రహాన్ని పైకి పంపింది మన శ్రీహరికోట నుంచే. 2017 మే 5న దక్షిణాసియా ఉపగ్రహం ఎగిరిందీ అక్కడినుంచే. నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్, మాల్దీవులు, శ్రీలంక, అఫ్గానిస్తాన్, ఎవరి భాష వాళ్లది, ఎవరి గొడవ వాళ్లది, అయినా ఒక ఉపగ్రహాన్ని చదువుకీ వైద్యానికీ కలిసి వాడుకుందాం అన్నారు. పాకిస్తాన్ ఒక్కటే మాకొద్దంది. మనం ఈ కథలో ఎవరి పాత్ర వేస్తున్నామో నేను చెప్పను, రెండు సచివాలయాల వాళ్లూ తీరిగ్గా ఆలోచించుకోండి.

పక్క రాష్ట్రం పాఠం వాడితే నామోషీ, ప్రైవేటు కంపెనీ పాఠాలైతే ముద్దు. 2022 డిసెంబర్‌లో ఆంధ్రలో ఎనిమిదో తరగతి పిల్లలకి బైజూస్ పాఠాలు వేసిన ట్యాబులు లక్షల్లో పంచారు, 2024 జులైలో ఆ కంపెనీ దివాలా ప్రక్రియలో పడింది. అదొక ముచ్చట.

నాకు ఒళ్లు మండేది ఇక్కడ కాదు, భద్రాచలం దగ్గర. భద్రాచలం తెలంగాణ, ఆనుకుని ఉన్న ఏటపాక ఆంధ్ర, దాన్ని దాటి దుమ్ముగూడెం వైపు వెళ్తే మళ్లీ తెలంగాణ. రెండు వైపులా కోయ పిల్లలు. ఇంట్లో కోయ, బళ్లో తెలుగు, ఇప్పుడు దాని మీద ఇంగ్లీషు మీడియం. ఒకటో తరగతి పిల్లకి టీచర్ ఏం అంటున్నదో అర్థం కాక నోరు విప్పకపోతే, ఆ పిల్లకి చదువు రాదని రాసేస్తారు. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలోనే కోయతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలు వేశారు. ఒడిశా వాళ్లూ కోయ వాచకాలు తెచ్చారు, వాళ్లది ఒడియా లిపి. సరే, లిపి వేరు, కథ వినడానికి లిపి ఎందుకయ్యా? ఒడిశా మల్కన్‌గిరిలో ఒక అవ్వ చెప్పిన కథ రికార్డు చేస్తే ఆంధ్ర వైపు చింతూరులో పిల్లలకి వినిపించొచ్చు, అదే దుమ్ముగూడెంలోనూ వినిపించొచ్చు. పాట, బొమ్మ, గొంతు, వీటికి ఏ బోర్డు? కానీ ఇక్కడ ఒక ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ), అక్కడ ఇంకో ఐటీడీఏ, ఒడిశాలో మరొకటి, ఛత్తీస్‌గఢ్‌లో వేరే శాఖ. నాలుగు రాష్ట్రాల్లో ఆ పిల్లల ఓట్లు ఏ ప్రభుత్వాన్నీ పడగొట్టవు కాబట్టి వాళ్ల కోసం ఎవరూ బెంగళూరు హోటల్లో హాలు కూడా బుక్ చేయరు. మందారం రంగు మీద కొట్టుకోవడానికైనా ఒక స్థాయి ఉండాలి, ఈ పిల్లలకి మీరు ఆ స్థాయి కూడా ఇవ్వలేదు. సిగ్గు లేదా అని అడగాలనుంది, అడిగితే అది ఏ శాఖ పరిధిలోకి వస్తుందని ఎదురు ప్రశ్న వేస్తారు.

భద్రాచలం, ఏటపాక, దుమ్ముగూడెం మధ్య దారిలో ఆటోలు రోజంతా తిరుగుతూనే ఉంటాయి. అక్కడ పనిచేసే టీచర్లకి ఒక్క మాట. ఆ కథలూ పాటలూ ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి అవతలి బడి టీచరమ్మకి ఇచ్చేయండి. పై ఆఫీసుకి మాత్రం రాయకండి, రాస్తే ఫైలు తెరుస్తారు.