పట్టపగలు చుక్కలు

మే నెల, మధ్యాహ్నం మూడున్నర. చెప్పుల్లేకుండా డాబా మీద నిలబడి ఉత్తరం వైపు వేలు చూపిస్తున్నాను. నల్లగొండ ఎండ తెలిసినవాళ్లకు నా అరికాళ్ల సంగతి వేరే చెప్పక్కర్లేదు.

కారణం మా మేనల్లుడు. వాడి పెళ్లి ఇక్కడే, పొద్దున పదిన్నర ముహూర్తానికి జరిగింది. పంతులుగారు ఇద్దరినీ పందిరి బయటికి తీసుకొచ్చి, భగభగలాడే ఆకాశంలోకి చూపించి "అరుంధతి కనబడిందా?" అన్నారు. వాడు "ఆ" అన్నాడు. పిల్ల తలూపింది. ఎవరూ అడక్కపోయినా వెనక నుంచి నేను "స్పష్టంగా!" అన్నాను.

ఇప్పుడు వాళ్లు మెల్‌బోర్న్‌లో ఉన్నారు. ఆ పిల్లకు అరుంధతిని రాత్రిపూట, నిజంగా చూడాలనిపించిందట. అక్కడ ఎనిమిదవగానే వాడు వీడియో కాల్ చేశాడు. "మామా, నీకు చుక్కలన్నీ తెలుసు గదా!"

పొగిడితే పడిపోయే మనిషిని. మా ఇంట్లో సిగ్నల్ అందదు, డాబా మీద బ్రహ్మాండంగా ఉంటుంది. అందుకే ఉన్నపళంగా పైకి పరుగెత్తాను.

"ముందు ధ్రువుణ్ణి పట్టుకో. చెయ్యి చాపి పిడికిలి బిగించు. ఆకాశం అంచు నుంచి పిడికిలిన్నర పైకి చూడు."

నల్లగొండ 17 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది కాబట్టి మా ధ్రువుడి ఎత్తూ అంతే. ఎదురింటి నీళ్ల ట్యాంకు మీద కూర్చున్నట్టుంటాడు.

"దొరికింది మామా! ఎర్రగుంది... కదుల్తోంది."

"అది విమానం రా."

ఇరవై నిమిషాలు వెతికాం. సప్తర్షుల జాడ లేదు. వెనక్కి తిరిగితే దక్షిణాన త్రిశంకుడు మాత్రం దర్జాగా పైకెక్కి ఉన్నాడట. ఇంతలో ఎదురింటాయన ట్యాంకు చూసుకోవడానికి పైకొచ్చాడు.

"ఏం చూపిస్తున్నరు సార్?"

"చుక్కలు."

ఆయన మాట్లాడకుండా దిగిపోయాడు.

చివరికి పదో తరగతి చదివే మా అమ్మాయి చెప్పులు పట్టుకుని వచ్చింది. "నాన్నా, మెల్‌బోర్న్ భూమధ్యరేఖకు 38 డిగ్రీలు దక్షిణాన ఉంది. ధ్రువుడు వాళ్లకు నేల కిందే ఉంటాడు. 90లోంచి 38 తీసేస్తే 52. ఉత్తరాన 52 దాటిన చుక్క ఏదీ అక్కడ పొడవదు. అరుంధతి 55 దగ్గరుంది."

ఫోన్లో ఆ పిల్ల అంతా విన్నట్టుంది. "అది సరే మామయ్యా, పెళ్లినాడు మీకు స్పష్టంగా ఎట్లా కనబడింది?"

"హలో... హలో... సిగ్నల్ లేదమ్మా!"

"డాబా మీద సిగ్నల్ ఫుల్లుగా ఉంది కదా నాన్నా," అంది మా అమ్మాయి, మెల్‌బోర్న్ దాకా వినబడేలా.