హెచ్‌రెఫ్‌లాంగ్ ట్యాగు గారికి చిత్తూరు నుండి ఒక విన్నపం

మహారాజశ్రీ హెచ్‌రెఫ్‌లాంగ్ ట్యాగు గారి సముఖానికి, చిత్తూరులో ఒక మామిడి గుజ్జు ఎగుమతి కార్యాలయంలో వెబ్‌సైట్ల పని చూసుకొనే గుమాస్తా వ్రాసుకొను విన్నపము. ఇక్కడ మేమందరం క్షేమం. మా లండన్ పేజీ క్షేమసమాచారం మాత్రం చాలా కాలంగా తెలియడం లేదు. అందుకే ఈ ఉత్తరం.

ఏ పేజీ ఏ భాష వారి కోసం, ఏ దేశం వారి కోసం ఉన్నదో గూగుల్‌కు చెప్పడానికి పేజీ కోడులో వ్రాసే వరుసే తమరు. తమరు 2011 డిసెంబరులో గూగుల్ కొలువులో చేరినప్పుడు తమకు అప్పగించిన పనుల్లో ఒకటి మాబోటి వారి కోసమే. ఒకే ఇంగ్లీషులో ఉండి, ధరవరల్లో మాత్రమే తేడా ఉన్న వేరువేరు దేశాల పేజీలు ఎదురైనప్పుడు, అవి ఒకదానికొకటి ఉత్త నకళ్ళు కావనీ, ఒక్కొక్కటి ఒక్కొక్క దేశపు కొనుగోలుదారు కోసం ఉన్నదనీ తమరు సాక్ష్యం చెప్పాలి. మేము తమరిని నేరుగా బోనెక్కించాము. చెప్పించడానికి మా దగ్గర తేడా అంటూ ఏదైనా ఉన్నదా అని మాత్రం ముందుగా చూసుకోలేదు.

మాకు అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, సింగపూర్, ఇండియా పేర్లతో ఐదు సైట్లు ఉన్నాయి. మొదట అమెరికా సైటు వ్రాయించి, మిగిలిన నాలుగింటికి జెండా బొమ్మనూ ఫోన్ నంబరునూ మార్చి వదిలాము. వెతికినవారికి గూగుల్ చూపే టైటిల్, దాని కింది వివరణ (డిస్క్రిప్షన్) సహా తక్కినదంతా పొల్లు పోకుండా అలాగే ఉన్నది గనుక, సిడ్నీలో వెతికే వారికి కూడా మా డిస్క్రిప్షన్ ‘అమెరికా అంతటా సరఫరా చేయబడును’ అని భరోసా ఇస్తుంది. లండన్ పేజీలో ధర డాలర్లలోనే ఉంది, నిల్వ ఉంచవలసిన ఉష్ణోగ్రత ఫారన్‌హీట్‌లోనే ఉంది. ఆస్ట్రేలియా పేజీ జూన్ నెలలో ‘ఈ ఎండాకాలానికి చల్లని మామిడి పానీయం’ అని పిలుస్తుంది, అక్కడి వారేమో ఆ నెలలో చలికి స్వెట్టర్లు వెతుక్కుంటూ ఉంటారు. మా ఊళ్ళో బెంగళూరా అని పిలిచే కాయనే కోస్తా వారు కలెక్టర్ అంటారనీ, డబ్బా మీద తోతాపురి అని వ్రాయాలనీ మాకు బాగా తెలుసు. ఒకే కాయకు ఊరిని బట్టి పేరు మార్చగలిగిన వాళ్ళం, ఐదు దేశాలకు ఐదు టైటిళ్ళు వ్రాయడానికి మాత్రం బద్ధకించాము.

నకలు పేజీలున్నంత మాత్రాన గూగుల్ శిక్ష వేస్తుందని మా కార్యాలయంలో అందరూ భయపడ్డారు. మోసం చేసే ఉద్దేశం లేనప్పుడు అది శిక్షేమీ వేయదు. ఒకేలా ఉన్నవాటిలో ఒకదాన్ని ఇంటిపెద్దగా ఎంచుకొని మిగిలినవాటిని లోపల కూర్చోబెడుతుంది. ఆ భయంలోనే మా కుర్రవాడొకడు తమకంటే ముందు, 2009 ఫిబ్రవరిలో, గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్ కలిసి తెచ్చిన కెనానికల్ ట్యాగును, అంటే ఒకేలా ఉన్న పేజీల్లో అసలుది ఏదో చెప్పే వరుసను, పట్టుకొచ్చి, ఐదు సైట్లలోనూ అసలు పేజీ అమెరికాదేనని వ్రాసిపెట్టాడు. అంటే ఆస్తంతా పెద్దకొడుకు పేర వ్రాసి, మిగిలిన నలుగురూ మా సంతానమే కారని సంతకం పెట్టాము. మరునాడే తమరిని పిలిచి, ఐదుగురూ వేరింటి కాపురాల వారేనని చెప్పమన్నాము. ఒకే ఇంటి నుండి రెండు రకాల సాక్ష్యం వెళ్ళాక లండన్ పేజీ మాయమైతే, తప్పు తమరిదేనని మా యజమాని నిందించారు. ఏ పేజీకి ఆ పేజీనే కెనానికల్‌గా వ్రాసుకోవాలన్న చిన్న సంగతి తెలియడానికి మాకు ఒక మామిడి సీజను పట్టింది.

అటుపైన బ్రిటన్ కోడు. మేము ఇంగ్లీషుకు ఈఎన్, బ్రిటన్‌కు యూకే అనుకొని తమరి వరుసలో ‘ఈఎన్-యూకే’ అని వ్రాశాము. దేశాల కోడుల పట్టికలో బ్రిటన్‌కు జీబీ అని ఉండగా, యూకే అని వ్రాస్తే గూగుల్ పట్టించుకోదు. భాషల పట్టికలో యూకే అంటే యుక్రేనియన్ అట. నెలల తరబడి మేము ఎవరిని పిలుస్తున్నామో ఆలోచిస్తే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

తమరి నియమాల్లో మాకు మనసుకు పట్టింది మాత్రం పెళ్ళిళ్ళ చదివింపుల పుస్తకం లాంటిది. అమెరికా పేజీ లండన్ పేజీ పేరు వ్రాస్తే, లండన్ పేజీ కూడా తిరిగి అమెరికా పేరు వ్రాయాలి. ఒకరు వ్రాసి మరొకరు మరిచిపోతే ఆ బంధుత్వం చెల్లదు. పైగా ఎవరి పేరు వారు కూడా వ్రాసుకోవాలి, ఏ దేశానికీ చెందని అతిథి కోసం 2013లో వచ్చిన ఎక్స్-డిఫాల్ట్ వరుసనూ చేర్చుకుంటే మంచిది. మా సరుకులు 40, సైట్లు 5, వెరసి పేజీలు 200. ఐదు దేశాలకు ఐదు, ఎక్స్-డిఫాల్ట్‌కు ఒకటి, పేజీకి 6 వరుసల చొప్పున 1,200. పేజీలో కాక, సైటులోని పేజీల జాబితా అయిన సైట్‌మ్యాప్‌లో వ్రాసుకోవచ్చునన్నారు గాని, దానివల్ల పుస్తకం మారిందే తప్ప పద్దు తగ్గలేదు.

ఇంత చేశాక లండన్‌లో వెతికినవారికి మా బ్రిటన్ చిరునామా కనిపించింది. ఆఫీసంతా మిఠాయి పంచాము. తరువాత చూస్తే పైన టైటిల్, కింద వివరణ అమెరికా పేజీవే. పేజీలు మరీ ఒకేలా ఉంటే గూగుల్ వాటిని లోలోపల ఒకటిగా మడిచి, తమరి మాట మన్నించి చిరునామా మాత్రం మార్చగలదని అప్పుడు తెలిసింది. తమరు ఇంటి నంబరు మార్చగలరు, ఇంట్లో వండని కూరను వడ్డించలేరు. పౌండ్లలో ధర, రేవు పేరు, సరుకు చేరే గడువు, ఆ దేశపు లేబుల్ నిబంధన, వారి స్పెల్లింగు మేము కూర్చుని వ్రాయవలసినవి. ఆ మాటే యజమానికి విన్నవించి, వ్రాసే ఓపిక లేకపోతే ఐదింటినీ ఒకే సైటు చేద్దామని కూడా అన్నాను.

వారు శ్రద్ధగా విని, “ఏమప్పా, అట్లయితే కెనడాకు కూడా ఒకటి పెట్టేద్దాం, జెండా మారిస్తే చాలు గదా?” అన్నారు. కెనడాకు ఇంగ్లీషు, ఫ్రెంచి రెండూ కావాలి గనుక, పేజీలు 280, వరుసలు 2,240 అవుతాయి. ఫ్రెంచి పేజీకైనా అక్షరాలు మారక తప్పదని లోలోపల సంతోషించాను. దానికీ అమెరికా టైటిలే ఉంచమని నిన్న సాయంత్రం కబురు వచ్చింది.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
చిత్తూరు గుమాస్తా