ట్రైబర్ అంటే క్విడ్‌కు తోక తగిలించడమేనా?

వారం రోజుల నుంచి ఒక మెసేజ్ మా దేవరకొండ చుట్టుపక్కల వాట్సాప్ గ్రూపులన్నిట్లో తిరుగుతోంది. చివరికి మా చిన్నాయన నాకే దాన్ని పంపి "ఏం సంగతిరా, దసరాకు బండి తీసుకుందామనుకుంటుంటే ఇదేంది" అని ఫోన్ చేశాడు. రెనో కంపెనీ ఏడు సీట్ల కారు ట్రైబర్, అదే కంపెనీ చిన్న కారు క్విడ్ గురించి అందులో ఉన్నది ఇది: "రెనో ట్రైబర్ కొత్త బండి కాదు, క్విడ్‌నే సాగదీసి రెండు సీట్లు ఎక్కువేశారు. రెండింటిదీ ఒకే ప్లాట్‌ఫామ్. క్విడ్‌కు క్రాష్ టెస్టులో జీరో, కాబట్టి దీనికీ జీరోనే. లీటర్ ఇంజిన్ ఏడుగురితో శ్రీశైలం ఘాట్ ఎక్కదు. మూడో వరుస ఉత్త బొమ్మ. పైగా ఏడు సీట్లంటే ఎల్లో ప్లేట్ తప్పదు. ఇంకో రెండు రూపాయలు వేసి మారుతి ఎర్టిగా కొనండి."

ఎల్లో ప్లేట్ ముచ్చట ముందు తీసేద్దాం, అది పచ్చి అబద్ధం. సొంతానికి వాడుకునే ఏడు సీట్ల బండికి తెల్ల ప్లేటే. మన ఊళ్లలో ఇన్నోవాలు ఎన్ని తిరుగుతున్నాయో చూడట్లేదా?

ఇక అసలు మాట, ప్లాట్‌ఫామ్, అంటే బండిని కట్టే అడుగు భాగం మూల డిజైన్. ఇక్కడ మెసేజ్ రాసినవాడు సగం నిజమే చెప్పాడు. 2015లో క్విడ్‌తో వచ్చిన సీఎంఎఫ్-ఏ అనే ప్లాట్‌ఫామ్‌ను మార్చి, ఏ-ప్లస్ అని పేరు పెట్టి, 2019లో దాని మీద ట్రైబర్ తెచ్చారు. ఆ తర్వాత నిస్సాన్ మ్యాగ్నైట్, రెనో కైగర్ కూడా దాని మీదనే వచ్చాయి. అన్నీ చెన్నై పక్కన ఒరగడం ఫ్యాక్టరీలో తయారైనవే. అయితే ప్లాట్‌ఫామ్ అంటే బండి కాదన్నా. స్లాబ్ పోసేటప్పుడు మేస్త్రి తెచ్చే సెంట్రింగ్ రేకులు చూశారు కదా, అవే రేకులు నలభై ఇళ్లకు తిరుగుతాయి, అంతమాత్రాన నలభై ఇళ్లూ ఒకటేనా? రేకులు ఒకటే అయితే మేస్త్రికి ఖర్చు తగ్గుతుంది, అంతే. స్లాబ్ నిలబడేదీ కూలేదీ లోపల ఎంత స్టీల్ వేశారు, సిమెంట్ ఎంత కలిపారు అన్నదాన్ని బట్టే.

కొలతలు చూడండి. మొదటి క్విడ్ పొడవు 3679 మిల్లీమీటర్లు, ట్రైబర్ 3990. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 2422 నుంచి 2636కు పోయింది, అంటే సుమారు జానెడు. వెడల్పు కూడా 1579 నుంచి 1739కి పెరిగింది. అంత వెడల్పు పెంచాలంటే కింద ఫ్లోరు, యాక్సిల్, పక్క ప్యానెళ్లు, పైకప్పు అన్నీ మార్చాల్సిందే, దాన్ని సాగదీయడం అనరు. (3990 దగ్గరే ఎందుకు ఆగారంటే, నాలుగు మీటర్లు దాటితే పన్ను దెబ్బ పడుతుంది. ఇంజినీర్ గొప్పదనం కాదు, లెక్క.)

అసలు ప్లాట్‌ఫామ్ పంచుకోవడం పాపమైతే మన నల్గొండ రోడ్ల మీద సైరన్లు కొట్టుకుంటూ పోయే ఫార్చ్యూనర్‌ను ఏమనాలి? ఇన్నోవా క్రిస్టా, ఫార్చ్యూనర్, హైలక్స్ మూడూ టయోటా ఐఎంవీ కుటుంబమే. ఏ నాయకుడి ముందైనా నిలబడి "అన్నా, నీది ఇన్నోవానే, కొంచెం ఎత్తు పెంచారు" అని అనండి చూద్దాం.

జీరో స్టార్ మాట. బండ్లను గుద్దించి చూసి భద్రతకు ఐదు దాకా స్టార్లు ఇచ్చే సంస్థ గ్లోబల్ ఎన్‌క్యాప్ 2016లో మొదట గుద్దించినప్పుడు క్విడ్‌కు జీరో వచ్చింది నిజమే. అదే ఏడాది బాడీకి బలం పెంచి, డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ పెట్టి మళ్లీ పంపితే ఒక స్టార్ వచ్చింది. ప్లాట్‌ఫామ్ అదే, బండి కూడా అదే, మార్కులు మారాయి. ట్రైబర్‌కు 2021లో పెద్దలకు 4, పిల్లలకు 3 స్టార్లు వచ్చాయి. ఇంకో ఉదాహరణ కావాలంటే మారుతి వైపు చూడండి: 2022లో స్విఫ్ట్‌కు ఒక్కటే స్టార్, 2024లో కొత్త డిజైర్‌కు పెద్దల విభాగంలో 5. రెండూ హార్టెక్ట్ ప్లాట్‌ఫామే! మెసేజ్ కొనమంటున్న ఎర్టిగా కూడా 2018 నుంచి అదే హార్టెక్ట్ మీద ఉంది, ఆ సంగతి మెసేజ్‌లో ఎందుకు రాయలేదో మరి.

అట్లాగని నాలుగు స్టార్లు చూసి పొంగిపోవద్దు. అదే రిపోర్టులో ట్రైబర్ బాడీ షెల్, అంటే బండి ఉక్కు గూడు, స్థిరంగా లేదని రాశారు. ఆ రోజుల్లో పెద్దల విభాగంలో నాలుగు స్టార్ల దాకా ముందు నుంచి గుద్దించే పరీక్ష మీదే ఇచ్చేవాళ్లు, పక్క నుంచి గుద్దే పరీక్ష 2022 నుంచి వచ్చిన కొత్త రూల్స్‌లో అన్ని బండ్లకూ చేరింది. కాబట్టి 2021 నాలుగునూ ఇప్పటి నాలుగునూ ఒకే త్రాసులో పెట్టలేం. 2025 జూలైలో మార్పులు చేసి తెచ్చిన ట్రైబర్‌లో ఆరు ఎయిర్‌బ్యాగులు అన్ని వేరియంట్లకూ ఇచ్చారు. సెకండ్ హ్యాండ్ చూసేవాళ్లు ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి.

ఘాట్ విషయం కొంచెం నిలబడి మాట్లాడాలి, ఎందుకంటే మెసేజ్‌లో కాస్త పస ఉన్నది ఇక్కడే. ట్రైబర్ ఇంజిన్ 999 సీసీ, మూడు సిలిండర్లు, 72 హార్స్‌పవర్. లీటర్ ఇంజిన్ ఉన్న క్విడ్‌ది 68. అంటే బండి ఇంత పెరిగితే బలం పెరిగింది నాలుగు గుర్రాలు. ఖాళీ బండి 947 కిలోలు, మనిషికి 60 చొప్పున ఏడుగురు ఎక్కితే ఇంకో 420. ఒక్కడే పోయినప్పుడు హుషారుగా ఉన్న బండి ఇంటిల్లిపాదీ ఎక్కాక వేరే బండిలా అనిపిస్తుంది. మా దోస్తు బండిలో డిండి మీదుగా ఏడుగురం శ్రీశైలం పోయాం. మన్ననూరు ఎక్కింది, ఈగలపెంట దాటి కృష్ణ దాకా దిగి, మళ్లీ సున్నిపెంట వైపు మలుపులూ ఎక్కింది, చాలాసేపు సెకండ్ గేర్లోనే. ఎక్కదనేది తప్పు. కానీ కల్వకుర్తి రోడ్డు మీద పత్తి లారీని ఓవర్‌టేక్ చేయాలంటే ఏడుగురితో తొందరపడొద్దు, ఎదుటి రోడ్డు బాగా ఖాళీ ఉంటేనే వెళ్లాలి. దీనికి కారణం ప్లాట్‌ఫామ్ కాదు, ఇంజిన్. ఎర్టిగాలో ఒకటిన్నర లీటర్, 103 హార్స్‌పవర్, ఆ తేడా నిజం. అయితే ప్రారంభ ధరల మధ్యే దాదాపు మూడు లక్షల తేడా ఉంది, దాన్ని "ఇంకో రెండు రూపాయలు" అనడమేంటో.

మూడో వరుస బొమ్మ కాదు, పిల్లలు హాయిగా కూర్చుంటారు, పెద్దవాళ్లు యాదగిరిగుట్ట దాకా సర్దుకుంటారు. ఇబ్బంది సామాన్ల దగ్గర. ఏడు సీట్లూ ఉంటే వెనక మిగిలేది 84 లీటర్లే, రెండు స్కూలు బ్యాగులూ ఒక నీళ్ల క్యానూ అనుకోండి. వెనక రెండు సీట్లూ ఊడదీసి ఇంట్లో పెడితే 625 లీటర్లు. కాబట్టి ఏడుగురైనా పోవాలి, సామానైనా పోవాలి.

ఇదంతా చెప్తే చిన్నాయన అడిగిన మొదటి ప్రశ్న, కురుమూర్తి జాతరకు పోయేటప్పుడు వంట గిన్నెలు, బియ్యం మూట ఎక్కడ పెట్టాలని. ఐదుగురితో అయితే వెనక పెట్టొచ్చు చిన్నాయనా, ఏడుగురితో అయితే ఇద్దరిని బస్సెక్కించు అని చెప్పాను. ఆ ఇద్దరు ఎవరనేదాని మీద ఇప్పుడు ఇంట్లో పంచాయితీ నడుస్తోంది.