జేమ్స్ పీటర్స్ ఆట ఆగిపోయింది వేళ్లు పోయినందుకు కాదు
1910లో డాక్‌యార్డ్ ప్రమాదంలో మూడు వేళ్లు పోవడంతో రగ్బీ ఆటగాడు జేమ్స్ పీటర్స్ కెరీర్ ముగిసిందని ఆయన మీద వచ్చిన వ్యాసంలో రాశారు, అది నాకు ఒప్పుకోబుద్ధి కావట్లేదు. ఇంగ్లండ్‌కి రగ్బీ ఆడిన ఆ మొదటి నల్లజాతి ఆటగాడి చివరి అంతర్జాతీయ మ్యాచ్ 1908లోనే అయిపోయింది, అంటే ప్రమాదానికి రెండేళ్ల ముందే. పైగా వేళ్లు పోయాక కూడా మళ్లీ గ్రౌండ్‌లోకి దిగాడు, తర్వాత రగ్బీ లీగ్‌కి (వేరే నిబంధనలతో ఆడే ఇంకో రకం రగ్బీ) మారి బారో, సెయింట్ హెలెన్స్ జట్లకి ఆడాడు. అసలు చెప్పాల్సింది 1906 సంగతి. దక్షిణాఫ్రికా జట్టు టూర్‌కి వచ్చినప్పుడు ఇంగ్లండ్‌లోని డెవన్ కౌంటీ తరఫున పీటర్స్ ఉన్నాడని వాళ్లు మేం ఆడం అని మొండికేశారు, నచ్చజెప్పి దింపాల్సి వచ్చింది. ఆ డిసెంబర్‌లో అదే జట్టుతో ఇంగ్లండ్ ఆడిన మ్యాచ్‌లో చూస్తే పీటర్స్ పేరే లేదు! మార్చిలో స్కాట్లండ్ మీద తొలి మ్యాచ్ ఆడినవాడు, మంచి ఫ్లై హాఫ్ (జట్టు ఆటని నడిపించే కీలక స్థానం), డిసెంబర్‌కల్లా పనికిరాకుండా పోయాడా? మన జిల్లా స్థాయి సెలక్షన్లు దగ్గర్నుంచి చూసినవాళ్లెవరికైనా ఇలాంటివి కొత్త కాదు, కారణం ఎవరూ బయటికి చెప్పరు. ఆయన తర్వాత ఇంగ్లండ్ జట్టులోకి ఇంకో నల్లజాతి ఆటగాడు, క్రిస్ ఓటీ, వచ్చింది 1988లో. ఆ 80 ఏళ్ల గురించి వ్యాసంలో ఒక్క ముక్కైనా లేదేంటండీ?