మా కుర్రోడు దిగిపోతాడు సార్

విశాఖలో పాత సెప్టిక్ ట్యాంకు తీయించే కాంట్రాక్టర్లకి దివ్యదృష్టి ఉంటుందని మీకూ తెలిసే ఉంటుంది. వీధిలోకి యూజీడీ, అంటే భూగర్భ డ్రైనేజీ లైను వచ్చింది, ఇంటి కనెక్షన్ దానికి కలిపేశారు, ఇక ఆ గొయ్యి ఖాళీ చేసి, కడిగి, ఇసుకతో పూడ్చేయాలి. పని ఇంతే.

సీతమ్మధారలో మా ఇంటికి వేంచేసిన మహానుభావుడు మూత తెరవలేదు. స్లాబుని చెప్పుకాలితో రెండు తన్నులు తన్ని, చెవి ఒగ్గి విని, "బాగా నిండిపోనాది సార్" అన్నాడు. ఈలోగా పక్కింటి రిటైర్డ్ అంకుల్ వచ్చి, అది వాయవ్యం, వాస్తు చూడకుండా పలుగు వేయకూడదన్నారు. కాంట్రాక్టర్ ఆ క్షణంలోనే వాస్తు పండితుడు కూడా అయిపోయి, మంగళవారం తవ్వకూడదనీ, గుమ్మడికాయ ఖర్చు వేరే అనీ సెలవిచ్చాడు. ఎస్టిమేట్ ఏదయ్యా అంటే జేబులోంచి ఎవరిదో పెళ్లి శుభలేఖ తీసి దాని వెనకాల ఒకే ఒక్క అంకె రాశాడు. అందులో మురుగు తోడే మిషన్ బండికెంత, ఇసుకకెంత, తీసిన మురుగు ఏ గెడ్డలో కలుస్తుంది అని అడిగితే, "అయ్యన్నీ మీకెందుకు సార్, నాను సూసుకుంతాను."

లోపల గ్యాస్ ఉంటుంది కదా? దానికీ పరీక్ష ఉందట. కాగితం వెలిగించి లోపల పడేస్తాడు. ఆరిపోతే గ్యాస్ ఉన్నట్టు, వెలిగితే లేనట్టు. మీథేన్ ఉంటే కాగితంతో పాటు ఆయన మీసం, మా గేటు, అంకుల్ గారి వాస్తు కూడా వెలుగుతాయన్న సంగతి ఆ సిలబస్‌లో లేదు.

సరే, అడుగు బురద ఎవరు తీస్తారు?

"మా కుర్రోడు దిగిపోతాడు సార్. ఓ క్వార్టర్ పడితే వాసనే తెల్దు."

వాసన తెలియకపోతేనే కదయ్యా చచ్చేది! హైడ్రోజన్ సల్ఫైడ్ మొదట కుళ్లిన గుడ్డు కంపు కొడుతుంది, గాఢత పెరిగితే ముక్కు ఆ కంపునే పట్టలేదు, కంపు తగ్గిందిలే అనుకునేలోపే మనిషి కూలిపోతాడు, వాణ్ని లాగడానికి దిగినవాడూ కూలిపోతాడు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరిన్ ట్యాంకులోంచి గ్యాస్ లీకైతే మనుషులు రోడ్ల మీద ఎలా పడిపోయారో కళ్లారా చూసిన ఊరండీ ఇది. ఈ ఊళ్లో కూడానా? రక్షణ సామగ్రి లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దించడం 2013 చట్టం ప్రకారం నేరం, మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు. నేరుగా దించినా, ఇంకొకరి చేత దింపించినా ఒకటే. మురుగు పనిలో ప్రాణం పోతే కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. ఈయన మాత్రం క్వార్టర్ సీసాకి ఖాయం చేశాడు. "మా కుర్రోడు" అంటాడే, ఒక్కడంటే ఒక్క కాంట్రాక్టరు సొంత కొడుకుని దించాడా? దించడు. దిగేవాడు ఎవరి బిడ్డో, ఏ కులంవాడో వీధిలో అందరికీ తెలుసు, అందుకే ఎవడూ అడగడు. ఇటాలియన్ మార్బుల్‌కి లక్షలు పోసినవాళ్లు మిషన్ బండి దగ్గరికొచ్చేసరికి ఐదొందలకి బేరమాడతారు.

నా షరతు ఒకటే చెప్పాను: బండితో లాగండి, మనిషి దిగకూడదు, అది కాగితం మీద రాసివ్వండి.

ఆయన తన బైకు స్టార్ట్ చేసి నావైపు జాలిగా చూశాడు.

"ఇన్ని రూల్సయితే ఇల్లు అమెరికాలో కట్టుకోవాల్సింది సార్."