పాలపిట్టకు సాత్‌బారా లేదు

తెలంగాణ సరిహద్దుకు ఆనుకుని, మహారాష్ట్ర వైపున్న మా ధర్మాబాద్ తాలూకా పక్షుల మీద గట్టి చర్య తీసుకోవాల్సిన సమయం వచ్చింది. నోటీసు లేదు, సెలవు చీటీ లేదు, డ్యూటీకి రావడం మానేశాయి. పాలపిట్టకు మేం అప్పగించింది ఏడాదికి ఒక్క పూట పని: దసరా సాయంత్రం జమ్మికి పోయేవాళ్ల కంటపడటం. అదీ చేతకాకపోతే ఎలా? మేం జమ్మి ఆకూ పంచుతాం, మరాఠీ పొరుగువాళ్లతో కలిసి ఆపటా ఆకూ పంచుతాం, రెండిటినీ బంగారమే అంటాం. ఇంత నిష్ఠ గల జనానికి పిట్ట కనపడలేదంటే తప్పు పిట్టదే. “పాలపిట్ట కనవడ్డదా?” అని పెద్దలడిగితే “కనవడ్డది, ఫోన్ల” అంటున్నారు పిల్లలు. ఊరి గ్రూపులో ఎవరో ఫోటో పెడతారు, దాని కింద దండాలు వరుసగా పడతాయి. పుణ్యానికి లోటు రాలేదు.

ముందు వలస అనుమానం వచ్చింది. 2018లో మా తాలూకాలో కొన్ని ఊళ్లవాళ్లు మమ్మల్ని తెలంగాణలో కలపండి, అక్కడైతే రైతుబంధు వస్తుంది అని అడిగారు. మనుషులకే పుట్టిన ఆశ పిట్టలకు పుట్టదా? పైగా అటు అది రాష్ట్ర పక్షి. ఇటు మహారాష్ట్రలో ఆ కుర్చీ హరియల్ అనే పచ్చ పావురానిది. కానీ అటువైపు చుట్టాలను కనుక్కుంటే అక్కడా ఇదే కరువట. కొన్నిచోట్ల దసరాకు దాన్ని పట్టి పంజరంలో పెట్టి, చూపించి డబ్బులు తీసుకుంటారు. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం, మొక్కు ప్రకారం దర్శనం.

తెలంగాణ, కర్ణాటక, ఒడిశా మూడూ దీన్నే రాష్ట్ర పక్షిగా పెట్టుకున్నాయి. ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలుకకు మారిపోయింది. దేశంలోని పక్షుల స్థితి మీద 2023లో వచ్చిన నివేదిక చూస్తే, మూడు రాష్ట్రాల పదవి మోస్తున్న ఈ పిట్ట 12 ఏళ్లలో సుమారు 30 శాతం తగ్గింది. అదే నివేదికలో నెమలి బాగా పెరిగింది. నెమలిది కేంద్ర పదవి. రాష్ట్రాలకు నిధులు రావడం లేదన్న మాట ఇక్కడ కూడా నిజమేనేమో, ఆర్థిక సంఘం వాళ్లు చూడాలి.

పిట్టల వాదన కూడా వినడం న్యాయం కాబట్టి విందాం. ఒకప్పుడు ఇక్కడ జొన్న ఉండేదట. కంకి పాలుపట్టిందంటే పిచ్చుకలు, చిలుకలు, గిజిగాళ్లు దిగేవి. చేను మధ్య మంచె కట్టి, ఒడిసెల తిప్పి, రేకు డబ్బా వాయించి తోలినా పోయేవి కావు. ఇప్పుడు కనుచూపు మేర సోయా. సోయా కాయ మీద పిచ్చుక ఏం చేస్తుంది? కాబట్టి మంచె లేదు, ఒడిసెల లేదు, గొంతు చించుకునే పని లేదు. నాకైతే ఇది ఘనవిజయంలాగే కనిపిస్తోంది. తరతరాలుగా మనం అరిచి సాధించలేనిది పంట మార్చి సాధించాం. గెలిచాక ఓడినవాడు కనపడటం లేదని ఏడవడమేమిటి?

పసులపోలిగాడనే నల్లపిట్ట ఫిర్యాదు వేరు. వాడు పశువు వీపు మీద కూర్చుని, కాళ్ల కింద లేచే మిడతలను పట్టేవాడు. ఎడ్లు పోయి ట్రాక్టర్ వచ్చింది. ట్రాక్టర్ వెనకాల కూడా పురుగులు లేస్తాయి కదా, సర్దుకోవచ్చు కదా అంటే, మందు కొట్టిన చేలో లేవడానికి పురుగేదీ అంటాడు. గింజ తినే పిచ్చుకైనా పిల్లలకు పెట్టేది పురుగులే. పాలపిట్టకు కావలసింది ముసలి చెట్టు తొర్ర. గట్టు మీది తుమ్మల్ని జేసీబీ ఒక్క పూటలో సాపు చేసింది, నీడ పడి పంట తగ్గుతుందని. మిగిలిన గడ్డిని కౌజు పిట్టలు అడిగాయి, కలుపు మందు ముందే వచ్చింది. ఊటబావిలోకి వంగిన కొమ్మ గిజిగాడికి కావాలి. బోరు మీదికి ఏ కొమ్మ వంగుతుంది?

సాత్‌బారా, అంటే మా మహారాష్ట్ర భూమి రికార్డు, తీసి చూస్తే అంతా తేలిపోతుంది. ఏడో నమూనాలో యజమాని పేరు, పన్నెండో నమూనాలో పంట. పిట్టకు గడి లేదు. కాగితం లేనివాడు ఇన్నాళ్లు మన పొలంలో తిన్నాడంటే అది మన దయ.

ఇంకొందరు సెల్ టవర్ అంటారు. దానికి గట్టి రుజువేమీ దొరకలేదు గానీ ఆ వాదన నాకు చాలా ఇష్టం. టవర్ మన చేలో ఉండదు, మన మందు డబ్బా ఊసెత్తదు. మార్చి 20న పిచ్చుకల రోజు చేసి, చెక్క గూడు వేలాడదీసి, దాని కింద నిలబడి టవర్‌ని తిట్టి, అదే టవర్ నుంచి ఫోటో పంపవచ్చు.

మందుల సంగతికొస్తే, పక్కనున్న యవత్‌మాళ్‌లో 2017లో పత్తి చేలకు మందు కొడుతూ 20 మందికి పైగా రైతులూ కూలీలూ చనిపోయారు. అరవై కిలోల మనిషి తట్టుకోలేని గాలిని పాతిక గ్రాముల పిచ్చుక తట్టుకోవాలని మనం ఆశిస్తున్నాం. ఇందులో వ్యంగ్యం నాకు చేతకాలేదు, ముందుకు పోదాం.

అసలు లోపం ఎక్కడుందో బాభళి చూస్తే తెలుస్తుంది. మా తాలూకాలో గోదావరి మీది ఆ బ్యారేజీలో 2.74 టీఎంసీల నీటి కోసం రెండు రాష్ట్రాలు సుప్రీంకోర్టు దాకా పోయాయి. 2013లో తీర్పొచ్చింది, ముగ్గురు సభ్యుల కమిటీ వచ్చింది. జులై 1న గేట్లు ఎత్తాలి, అక్టోబర్ 28 దాకా దించకూడదు. తేదీ తప్పదు, ఎందుకంటే ఒకరి మీద ఒకరు కన్నేసి ఉంటారు. పిట్టల మీద అలాంటి తగువు ఒక్కటీ లేకపోయింది.

కాబట్టి నా ప్రతిపాదన. తెలంగాణ వెంటనే కేసు వేయాలి: మా రాష్ట్ర పక్షులను మహారాష్ట్ర అక్రమంగా ఆపుకుంటోందని. అవి మా తాతల నాటివని మహారాష్ట్ర అఫిడవిట్ ఇస్తుంది. లెక్క తేలేదాకా ఉన్నది ఉన్నట్టు ఉంచమని కోర్టు స్టే ఇస్తుంది. అంతటితో గట్టు మీది తుమ్మ వివాదాస్పద ఆస్తి అవుతుంది, జేసీబీ దాన్ని ముట్టుకోలేదు. ఎవరి పిట్టలెన్నో లెక్కపెట్టడానికి రెండు వైపులా సర్కారు ఖర్చుతో జొన్న వేయాల్సి వస్తుంది. మన కోర్టుల వేగం మీద నాకు పూర్తి నమ్మకముంది, ముప్పై ఏళ్లకు ఢోకా లేదు.

తెలంగాణలోని బోధన్ వైపు నుంచి ఎవరైనా వాది దొరికితే, ప్రతివాదులుగా నిలబడటానికి మా ఊళ్లో నలుగురం సిద్ధంగా ఉన్నాం. ఢిల్లీ చార్జీలు ఎవరివి వారే పెట్టుకోవాలి.