నా అర్థాన్ని అర్ధం చేశారు

ఇప్పుడే నా వ్యాసం తిరిగొచ్చింది. ఒళ్లు ఇంకా మండుతోంది, ఈ పోస్టులో తప్పులుంటే సర్దుకోండి. దిద్దకండి మాత్రం. ఈ రోజుకి దిద్దుబాట్లు చాలు.

మా రైటింగ్ క్లాసులో పీర్ ఎడిటింగ్ అని ఒకటుంది. ఒకరు రాసింది ఇంకొకరు చదివి, గౌరవంగా అభిప్రాయం చెప్పాలి. వినడానికి ఎంత బాగుందో! అమ్మమ్మ కుట్టుమిషను మీద నాలుగు పేజీలు రాసి ఇద్దరికి చెరో కాపీ ఇచ్చాను. మొదటి కాపీ చివర "బాగుంది" అని ఒక్క మాట, పక్కన బొటనవేలు బొమ్మ. అంతే. ఏకలవ్యుడు ఇచ్చిన బొటనవేలికైనా ఒక విలువుంది. ఏం బాగుంది తల్లీ? మొదలా? చివరా? కాగితమా?

సరే, ఆవిడ చదవలేదు, వదిలేద్దాం. రెండోవాడు చదివాడు. అదే నా ఖర్మ.

ఎర్ర పెన్ను. పేజీ చూస్తే పారాణి పెట్టినట్టుంది. నేను "తొక్కుడు మిషన్" అని రాస్తే "పాదచాలిత కుట్టు యంత్రం" అని మార్చాడు. మా అమ్మమ్మ బతికుండగా దాన్ని అలా పిలిచి ఉంటే ఆ మిషనే కుట్టడం మానేసేది. ఇది కూడా సహించాను. "మొదటిసారి చదివినప్పుడు నాకు అర్థం కాలేదు" అని ఒక వాక్యం రాశాను. అందులో థావత్తు కొట్టేసి, శ్రద్ధగా ధావత్తు పెట్టి, పక్కన "స్పెల్లింగ్!" అని రాశాడు. అర్ధం అంటే సగం రా నాయనా! నాకు సగం కాలేదట. ఒప్పుని తప్పు చేసి, దానికో ఆశ్చర్యార్థకం కూడా! ఆ ఆశ్చర్యార్థకాన్ని మాత్రం మర్చిపోలేను.

అసలు మంట ఇది కాదు. "అమ్మమ్మ కాలు ఆగిన రోజు ఇల్లంతా నిశ్శబ్దం" అని రాశాను. రెండు రాత్రులు కూర్చుంటే వచ్చిన వాక్యం. దాని మీద అడ్డంగా గీత. "అతిశయోక్తి. తీసేయ్." తీసేయ్ అట, సొంత సొత్తయినట్టు! "ఆ రోజు ఏమైంది?" అని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే చాలు. ఆవిడకి పక్షవాతం వచ్చిందన్న సంగతి నేను ఎక్కడా చెప్పలేదని ఆ ప్రశ్నకే తెలిసేది. అవును, లోపం నాదే. అడిగితే దొరికేది, కొట్టేస్తే దొరకలేదు.

మా సార్ మొదటి రోజే చెప్పారు. మొదటిసారి పెన్ను ముట్టుకోకుండా చదవండి, ముందు విషయం చూడండి, తర్వాత అమరిక, స్పెల్లింగు చిట్టచివర అని. పేరా మొత్తం ఎగిరిపోయేదైతే అందులో దీర్ఘాలు దిద్ది ఏం లాభం? "ఇది తప్పు" అనకుండా "ఇక్కడ నేను తప్పిపోయాను" అనండి అని కూడా చెప్పారు. అందరం తలలూపాం. ఇక ఆ శాండ్‌విచ్ పద్ధతి ఒకటి, ముందు మెచ్చుకో, మధ్యలో విమర్శించు, మళ్లీ మెచ్చుకో అని. మనకి తెలియదా? "చాలా బాగా రాశావు" అనగానే చెవులు "కానీ" కోసం నిక్కబొడుచుకుంటాయి. పెళ్లిచూపుల్లో "అమ్మాయి లక్షణంగా ఉంది" అన్నట్టే.

ఆన్‌లైన్‌లో ఇంకా ఘోరం. గూగుల్ డాక్స్‌లో సజెస్టింగ్ అని ఒక మోడ్ ఉంది. అందులో మార్పు సూచనగానే కనిపిస్తుంది, ఒప్పుకోవాలో వద్దో రాసినవాళ్లిష్టం. దాన్ని వదిలేసి నేరుగా ఎడిటింగ్‌లో దూరి ఊడ్చేస్తారు. పోయినసారి వెర్షన్ హిస్టరీ లోకి వెళ్లి నా పేరాని తవ్వి తీసుకున్నాను.

నిజం చెప్పనా? ఇదంతా వీడి మీద కోపం కూడా కాదేమో. పదో తరగతిలో ఒకడు నా కాంపోజిషన్ లాక్కుని బెంచీ ఎక్కి, రాగం తీస్తూ చదివాడు. "వాన వెలిసాక ఆకులు కూడా ఊపిరి పీల్చుకున్నాయి" అని రాశాను అందులో. క్లాసంతా ఆకుల్లా ఊపిరి పీల్చి వదిలారు, వారం రోజులపాటు. టీచర్ కూడా నవ్వారు. ఆ తర్వాత మూడేళ్లు నేను పరీక్షలో తప్ప ఏమీ రాయలేదు. ఆ వాక్యం గొప్పదేం కాదు, నాకూ తెలుసు. అయినా ఇప్పటికీ ఎవరైనా నా కాగితం చేతిలోకి తీసుకుంటే బెంచీ వైపే చూస్తాను.

(మధ్యలో ఎవరో "నువ్వు మాత్రం ఇంకొకరి కవితకి ఓకే అని రాయలేదా" అని అడగబోతున్నారు. రాశాను. ఆ రోజు జ్వరం. తర్వాతి ప్రశ్న.)

ఇప్పుడు అసలు తమాషా. ఆ ఎర్ర పెన్ను మహానుభావుడి వ్యాసం నా వంతుకొచ్చింది, రేపు ఉదయానికి ఇవ్వాలి. పెన్ను మూత తీసి కూర్చున్నాను. మొదటి పేజీలోనే "అర్ధం" మూడు చోట్ల. పండగే అనుకున్నాను. సార్ మాట గుర్తొచ్చి, పళ్లు కొరుక్కుంటూ మూత పెట్టి చివరిదాకా చదివాను.

మూడో పేజీలో వాళ్ల నాన్న చెప్పులు గుమ్మం దగ్గర ఎప్పుడూ బయటివైపే తిరిగి ఉండేవని ఒక వాక్యం రాశాడు.

బాగుంది, వెధవది.